లేజర్‌తో సైట్ పోతుంది సరే... ఉద్యోగం వస్తుందా?

కళ్లజోడు తీసేయాలంటే ముందు మీ నోటిఫికేషన్ ఒప్పుకోవాలి, తర్వాత మీ కార్నియా ఒప్పుకోవాలి. ఏ లేజర్ అన్నది మూడో ప్రశ్న!

రాత పరీక్ష అయిపోయింది. మార్కులు బాగానే వచ్చాయి. ఇక మెడికల్స్ అనగానే గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే మీకు సైట్ ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: ‘లాసిక్ చేయించేసుకో, పావుగంట పని. కళ్లజోడు పోతుంది, ఉద్యోగం వస్తుంది’ అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాటలో సగమే నిజం.

ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఇద్దరికీ పవర్ మైనస్ 3. ఒకరు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ కావాలనుకుంటున్నారు. మరొకరు సీడీఎస్ రాసి ఆర్మీలో అధికారి కావాలనుకుంటున్నారు. ఇద్దరూ ఒకేచోట ఒకే ఆపరేషన్ చేయించుకున్నారు. ఇద్దరికీ చూపు 6/6 వచ్చింది. అయినా మొదటివారికి ఆ ఆపరేషనే తలుపు మూసేస్తుంది. రెండోవారికి కొన్ని షరతులతో తలుపు తెరుస్తుంది. లేజర్ ఒకటే, ఫలితం మాత్రం వేరు!

అందుకే ‘ఏ లేజర్ మంచిది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. మొదటి ప్రశ్న: నేను కోరుకునే ఉద్యోగం ఈ ఆపరేషన్‌ను ఒప్పుకుంటుందా? రెండోది: నా కన్ను ఒప్పుకుంటుందా? ఈ రెండింటికీ ‘అవును’ అన్న జవాబు వస్తేనే మూడో ప్రశ్నకు వెళ్లాలి. మూడూ అర్థం కావాలంటే ముందు కంట్లో ఏం జరుగుతుందో కాస్త తెలుసుకోవాలి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు.

సైట్ అంటే అసలేంటి?

కన్ను దాదాపు 60 డయాప్టర్ల శక్తి ఉన్న కటకం లాంటిది. ఇందులో దాదాపు మూడింట రెండొంతుల పని కంటి ముందుండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా చేస్తుంది. మిగతాది లోపలి లెన్స్ చూసుకుంటుంది. వెలుతురు ఈ రెండింటినీ దాటి వెనకున్న రెటీనా మీద సరిగ్గా కేంద్రీకృతమైతే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది.

పెద్దవాళ్ల కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది మామూలు కంటే పొడవుగా పెరిగితే బొమ్మ రెటీనా కంటే ముందే పడుతుంది. దూరంగా ఉన్న బోర్డు మసకబారుతుంది. అదే మైనస్ సైట్. కన్ను ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే పవర్ రెండున్నర, మూడు డయాప్టర్ల దాకా మారిపోతుంది. మైనస్ 2 అంటే అర మీటరు దాకానే స్పష్టంగా కనిపిస్తుందని, మైనస్ 4 అంటే పావు మీటరు దాకానే అని అర్థం.

ఇక్కడో ముఖ్యమైన విషయం గుర్తుపెట్టుకోండి. లేజర్ మీ కంటి పొడవును తగ్గించదు. కార్నియా వంపును మాత్రమే మారుస్తుంది. మైనస్ సైట్‌కు కార్నియా మధ్య భాగాన్ని కొద్దిగా చదును చేస్తుంది. అంటే కళ్లజోడు చేసే పనిని కార్నియా మీదే చెక్కేస్తుంది. కన్ను లోపల మాత్రం అదే పొడవు, అదే రెటీనా. ఈ ఒక్క ముక్క ఉద్యోగ మెడికల్స్‌లో ఎంత కీలకమో ముందుముందు చూద్దాం.

పండగ మిగులు మాంసంతో మొదలైంది

ఈ లేజర్ వెనక ఒక మద్రాసు కెమిస్ట్ ఉన్నారు. పేరు రంగస్వామి శ్రీనివాసన్. మద్రాస్ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో చేరారు. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఎగ్జైమర్ అనే అతినీలలోహిత లేజర్‌తో ప్రయోగాలు చేసేవారు. 1981లో థ్యాంక్స్‌గివింగ్ పండగ మరుసటి రోజు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లి దాని మీద లేజర్ ప్రయోగించారు. కోత శుభ్రంగా వచ్చింది, చుట్టుపక్కల కణజాలం మాడలేదు.

ఎందుకు మాడలేదు? ఆ లేజర్ తరంగదైర్ఘ్యం 193 నానోమీటర్లు. దాని ఒక్కో ఫోటాన్‌కు అణువుల మధ్య బంధాలను నేరుగా తెంచేంత శక్తి ఉంటుంది. కణజాలంలోకి అది చొచ్చుకుపోయేది చాలా కొద్ది లోతే. తెగిన ముక్కలు ఆవిరిలా ఎగిరిపోతాయి కాబట్టి వేడి పక్కకు పాకే అవకాశం తక్కువ. ఒక్కో పల్స్‌కు సుమారు పావు మైక్రాన్ మందం మాత్రమే పోతుంది. చిప్‌ల తయారీ, ప్యాకేజింగ్ కోసం చేస్తున్న పరిశోధన అలా వైద్యం వైపు మళ్లింది. 1983లో కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ ఈ బృందంతో కలిసి కార్నియా మీద ప్రయోగాలు చేశారు. 1988లో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యురాలు చూపున్న మనిషి కంటికి తొలిసారి ఈ చికిత్స చేశారు. శ్రీనివాసన్ బృందానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కింది.

ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఈ కథను గుర్తుపెట్టుకోవాలి. ఒక రంగం కోసం తయారుచేసిన పరికరం ఇంకో రంగంలో కోట్ల మందికి పనికొచ్చింది.

పేర్లు బోలెడు... పద్ధతులు నాలుగే

ఆసుపత్రుల ప్రకటనలు చూస్తే కళ్లు తిరుగుతాయి. బ్లేడ్‌లెస్, కాంటూరా, స్మైల్, సిల్క్, ట్రాన్స్ పీఆర్‌కే... ఇలా ఎన్నో పేర్లు. అన్నింటినీ నాలుగు గంపల్లో వేసేయొచ్చు.

పీఆర్‌కే: అన్నింటికంటే పాతది, ఇప్పటికీ వాడుకలో ఉన్నది. కార్నియా పైన 50 మైక్రాన్ల మందంలో పలుచని చర్మం లాంటి పొర ఉంటుంది. దాన్ని తొలగించి, కింద ఎగ్జైమర్ లేజర్‌తో చెక్కుతారు. ఆ పైపొర మూడు నుంచి ఐదు రోజుల్లో మళ్లీ దానంతటదే పెరుగుతుంది. అప్పటిదాకా కంటికి రక్షణగా కాంటాక్ట్ లెన్స్ పెడతారు. ఆ నాలుగైదు రోజులూ మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. చూపు పూర్తిగా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కానీ ఫ్లాప్ ఉండదు. కార్నియా కాస్త పలుచగా ఉన్నవాళ్లకు, దెబ్బలు తగిలే ఆటలూ ఉద్యోగాల్లో ఉండేవాళ్లకు ఇదే సూచించే వైద్యులున్నారు. పైపొరను కూడా లేజర్‌తోనే తీసేస్తే దాన్ని ట్రాన్స్ పీఆర్‌కే అంటారు.

లాసిక్: గ్రీస్ వైద్యుడు అయోనిస్ పల్లికారిస్ 1990 ప్రాంతంలో దీనికి దారి చూపారు. కార్నియా మీద 100 నుంచి 120 మైక్రాన్ల మందంలో పుస్తకం అట్టలా ఒక పలుచని ఫ్లాప్‌ను లేపుతారు. కింద ఎగ్జైమర్‌తో చెక్కి, ఫ్లాప్‌ను మళ్లీ యథాస్థానంలో పరుస్తారు. కుట్లుండవు. పైపొర చెక్కుచెదరదు కాబట్టి నొప్పి తక్కువ, చాలామందికి మర్నాటికే చూపు బాగుంటుంది. ఫ్లాప్‌ను బ్లేడుతో కోస్తే మామూలు లాసిక్. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కోస్తే దాన్నే బ్లేడ్‌లెస్ లేదా ఫెమ్టో లాసిక్ అంటారు. కాంటూరా అన్నదీ లాసిక్కే. కార్నియా ఎగుడుదిగుళ్ల మ్యాప్ తీసి, దాని ప్రకారం చెక్కుతారు.

స్మైల్: ఇందులో ఫ్లాప్ లేదు, ఎగ్జైమర్ లేదు. ఫెమ్టోసెకండ్ లేజర్ ఒక్కటే కార్నియా లోపల పప్పుబద్ద ఆకారంలో ఒక పలుచని ముక్కను కోస్తుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చిన్న గాటు గుండా వైద్యులు దాన్ని బయటికి లాగేస్తారు. లాసిక్ ఫ్లాప్ కోత చుట్టూరా తిరుగుతుంది, దాదాపు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. గాటు చిన్నది కాబట్టి ఇందులో తెగే నరాలు తక్కువ, మొదటి నెలల్లో కళ్లు పొడిబారడమూ తక్కువే. అమెరికాలో దీనికి 2016లో అనుమతి వచ్చింది. సిల్క్ లాంటి పేర్లు ఈ కుటుంబంలోవే. అయితే చూపు కుదురుకోవడానికి లాసిక్ కంటే కొన్ని రోజులు ఎక్కువ పట్టొచ్చు. తర్వాత కాస్త పవర్ మిగిలితే మళ్లీ అదే పద్ధతిలో చేయడం కుదరదు. సాధారణంగా పీఆర్‌కే చేస్తారు.

ఐసీఎల్: ఇది లేజర్ కానే కాదు. కార్నియాను చెక్కకుండా, కంటి లోపల, నల్లపాప వెనక, మన సహజ లెన్స్ ముందు ఒక పలుచని లెన్స్ అమరుస్తారు. మైనస్ 10 దాటినవాళ్లకు, కార్నియా పలుచగా ఉన్నవాళ్లకు ఇది ప్రత్యామ్నాయం. అవసరమైతే తీసేయొచ్చు. కానీ కంటి లోపలి ఆపరేషన్ కాబట్టి ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం లాంటి ముప్పులుంటాయి. ఏటా పరీక్ష తప్పదు.

ఫెమ్టోసెకండ్ గురించి ఒక మాట. సెకనును 10 కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. కొన్ని వందల ఫెమ్టోసెకన్లు మాత్రమే ఉండే పల్స్‌లు కార్నియా లోపల, కోరుకున్న లోతులో సూక్ష్మమైన బుడగలు పుట్టిస్తాయి. ఆ బుడగలన్నీ కలిస్తే అదే కోత. ఈ ఆలోచనకూ ఒక ప్రమాదమే మూలం. 1993లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, జెరార్డ్ మూరూ ల్యాబ్‌లో ఒక విద్యార్థి కంట్లో ఈ లేజర్ పొరపాటున పడింది. పరీక్షించిన కంటి వైద్యుడు, రెటీనా మీద పడిన మచ్చ అంత చిన్నగా, శుభ్రంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయారు. ఇంత కచ్చితంగా కోస్తుంటే దీన్ని చికిత్సకు ఎందుకు వాడకూడదని అక్కడి నుంచే పరిశోధన మొదలైంది. ఆ లేజర్లకు ఆధారమైన సాంకేతికతకు మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

లెక్క మీరూ వేసుకోవచ్చు

మీ కార్నియాలో ఎంత మందం పోతుందో చెప్పే సులువైన సూత్రం ఒకటుంది. దాన్ని మన్నర్లిన్ సూత్రం అంటారు. చెక్కే ప్రాంతం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేయండి. దాన్ని పవర్‌తో గుణించి 3తో భాగించండి. వచ్చేది మైక్రాన్లలో లోతు. ఇది అంచనా మాత్రమే. యంత్రాన్ని బట్టి కొంత ఎక్కువే పోవచ్చు. అయినా విషయం అర్థం కావడానికి ఇది చాలు.

మొదటి వ్యక్తి: పవర్ మైనస్ 4, కార్నియా మందం 540 మైక్రాన్లు, చెక్కే ప్రాంతం 6 మిల్లీమీటర్లు. 36ను 4తో గుణించి 3తో భాగిస్తే 48 మైక్రాన్లు. తల వెంట్రుక మందం కంటే తక్కువే! లాసిక్ ఫ్లాప్ 110 అనుకుంటే, దాని కింద మిగిలేది 382 మైక్రాన్లు. ఫ్లాప్ కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది పాత నియమం. చాలామంది వైద్యులు 300 మిగలాలంటారు. కాబట్టి ఈ వ్యక్తికి ఇబ్బంది లేదు.

రెండో వ్యక్తి: పవర్ మైనస్ 8, మందం 490, చెక్కే ప్రాంతం 6.5 మిల్లీమీటర్లు. పోయేది దాదాపు 113 మైక్రాన్లు. ఫ్లాప్ 110 కలిపితే కదిలించేది 223. మిగిలేది 267. ‘250 దాటింది కదా’ అనిపిస్తుంది. కానీ మొత్తం మందంలో 45 శాతం కదిలించినట్టు. ఇది 40 శాతం దాటితే కార్నియా బలహీనపడి, కాలక్రమంలో ముందుకు ఉబికే ముప్పు పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. అలా ఉబికితే చూపు మళ్లీ తగ్గుతుంది. ఈసారి కళ్లజోడుతో కూడా సరికాకపోవచ్చు.

‘అయితే చెక్కే ప్రాంతాన్ని 5.5కు తగ్గిస్తే?’ అని మీ ఇంజినీరింగ్ బుర్ర అడుగుతుంది. నిజమే, 81 మైక్రాన్లతో సరిపోతుంది. కానీ రాత్రిపూట కంటి పాప విప్పారినప్పుడు చెక్కిన ప్రాంతం దాటి కూడా వెలుతురు లోపలికి వస్తుంది. ఎదురుగా వచ్చే బండి లైట్ల చుట్టూ వలయాలు, చారలు కనిపిస్తాయి. ఒకటి మిగుల్చుకుంటే ఇంకొకటి పోతుంది. అందుకే ఇలాంటి వ్యక్తికి మంచి వైద్యులు ‘లేజర్ వద్దు, ఐసీఎల్ గురించి ఆలోచిద్దాం, లేదా కళ్లజోడే ఉంచుకోండి’ అంటారు. అలా ‘వద్దు’ అన్న డాక్టరు మీద కోపం తెచ్చుకుని, ‘చేస్తాం’ అనేవాళ్ల కోసం వెతుక్కోకండి.

నోటిఫికేషన్ ఏమంటోంది?

ఇప్పుడు అసలు విషయం. వైద్య ప్రమాణాలు ఏటా మారొచ్చు. మీరు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల అనుబంధాన్ని చదవడం మాత్రం తప్పదు. నాలుగు రకాల ఉద్యోగాలు చూస్తే తేడా ఎంతుంటుందో తెలుస్తుంది.

అసిస్టెంట్ లోకో పైలట్: దీనికి ఏ-1 అనే అత్యంత కఠినమైన వైద్య ప్రమాణం. కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి. రంగులు గుర్తించడం, రాత్రి చూపు లాంటి పరీక్షలూ ఉంటాయి. లాసిక్ గానీ, దృష్టి లోపాన్ని సరిచేసే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఈ పోస్టుకు అర్హులు కారని 2024 నోటిఫికేషన్ స్పష్టంగా చెప్పింది. అంటే సైట్ ఉన్నా కుదరదు, ఆపరేషన్‌తో పోగొట్టుకున్నా కుదరదు. ఈ పోస్టు కోసం లాసిక్ చేయించుకోవడం డబ్బూ కన్నూ రెండూ ఖర్చు చేసుకోవడమే. అదే నియామక బోర్డులో కళ్లజోడును అనుమతించే ఇతర పోస్టులున్నాయి. ముందే వాటివైపు చూడటం తెలివైన పని.

ఆర్మీ అధికారులు: ఇక్కడ పీఆర్‌కే, లాసిక్, స్మైల్‌లను షరతులతో అంగీకరిస్తున్నారు. ఆపరేషన్ 20 ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి. అయ్యాక కనీసం 12 నెలలు గడవాలి. కార్నియా మధ్య మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. కంటి పొడవు 26 మిల్లీమీటర్లు మించకూడదు. మిగిలిన పవర్ ఒక డయాప్టర్ లోపు ఉండాలి. రెటీనా ఆరోగ్యంగా ఉండాలి. రేడియల్ కెరటాటమీ అనే పాత పద్ధతి చేయించుకున్నవాళ్లను మాత్రం తీసుకోరు.

ఈ షరతులను ఇందాకటి లెక్కతో కలిపి చూడండి. పవర్ మైనస్ 6, కార్నియా మందం 520, చెక్కే ప్రాంతం 6.5 మిల్లీమీటర్లు ఉన్న అభ్యర్థిని తీసుకుందాం. పోయేది సుమారు 85 మైక్రాన్లు. ఫ్లాప్ కింద 325 మిగులుతుంది, కదిలించింది 40 శాతం లోపే. ఆసుపత్రి ‘మీరు లాసిక్‌కు అర్హులు’ అంటుంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆపరేషన్ తర్వాత మొత్తం మందం 435 మాత్రమే. ఆర్మీ అడిగే 450 రాదు! ఆసుపత్రి అర్హత వేరు, ఉద్యోగ అర్హత వేరు అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఇక కంటి పొడవు సంగతి. మీది 27 మిల్లీమీటర్లయితే ఎంత గొప్ప లేజర్ కూడా దాన్ని తగ్గించలేదు. ఆపరేషన్‌కు ముందే ఒక స్కాన్‌తో ఇది తెలిసిపోతుంది. వయసు షరతు కూడా చూడండి. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు 20 ఏళ్లు నిండేదాకా ఆగితే ఆ పరీక్ష వయసే దాటిపోతుంది. డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉండి సీడీఎస్ రాసేవాళ్లు మెడికల్స్ తేదీ నుంచి ఏడాదికి పైగా వెనక్కి లెక్కేసుకోవాలి.

సివిల్ సర్వీసెస్: కళ్లజోడు, కాంటాక్ట్ లెన్స్‌తో పాటు లాసిక్, ఐసీఎల్ లాంటి దిద్దుబాట్లనూ వైద్య నియమాలు అనుమతిస్తున్నాయి. ఐపీఎస్ లాంటి సర్వీసులకు ప్రమాణాలు మరింత కఠినం. పవర్ పరిమితి దాటినవాళ్లను ప్రత్యేక వైద్య బోర్డు పరీక్షిస్తుంది. ఇక్కడ కళ్లజోడు అడ్డం కానప్పుడు కేవలం ఉద్యోగం కోసమని ఆపరేషన్‌కు పరుగెత్తాల్సిన పనిలేదు.

సాఫ్ట్‌వేర్, బ్యాంకు, టీచింగ్: కళ్లజోడు పెట్టుకుని హాయిగా చేసుకోవచ్చు. ఇంటర్వ్యూలో కళ్లజోడు బాగుండదేమో అన్న భయంతో ఆపరేషన్ ఆలోచన చేయకండి. కొత్త ఫ్రేముతో తీరే సమస్య అది.

‘చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?’ అనే సలహా కూడా వినిపిస్తుంది. నమ్మకండి. లాసిక్ ఫ్లాప్ అంచు ఏళ్ల తర్వాత కూడా స్లిట్ ల్యాంప్ కింద కనిపించవచ్చు. కార్నియా మ్యాప్ తీస్తే మధ్యలో చదునైన భాగం రంగుల్లో తెలిసిపోతుంది. దాచినట్టు తేలితే పోయేది ఒక్క పోస్టు మాత్రమే కాదు, మీ మాట మీద నమ్మకం కూడా.

మీ కన్ను ఒప్పుకుంటుందా?

మందం ఒక్కటే సరిపోదు. వైద్యులు చూసే విషయాలివి.

• వయసు 18 నిండాలి. ఇంకా ఆగితే మంచిది. పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. ప్రతి సెమిస్టర్‌కూ అద్దాలు మార్చేవాళ్లు ఇప్పుడే తొందరపడొద్దు.

• కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉంటే లాసిక్, స్మైల్ చేయకూడదు. తొలి దశలో ఇది అభ్యర్థికి తెలియదు, కార్నియా మ్యాప్‌లోనే బయటపడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నా, మీకు కళ్లు గట్టిగా నులుముకునే అలవాటున్నా డాక్టరుకు చెప్పండి.

• కళ్లు బాగా పొడిబారేవాళ్లు, కీళ్లవాతం లాంటి రోగనిరోధక జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి.

• పరీక్షలకు ముందు కాంటాక్ట్ లెన్స్ మానేయాలి. మెత్తటివి ఒకట్రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాల ముందే తీసేయాలి. లేదంటే కార్నియా ఆకారం కొలతలు తప్పుతాయి.

ఈ పరీక్షల్లో కార్నియా మ్యాప్, మందం, కంటి పొడవు, చీకట్లో పాప సైజు, కన్నీటి పరీక్ష, చుక్కలు వేసి రెటీనా పరీక్ష తప్పక ఉండాలి. ఇవన్నీ చూడకుండా పవర్ ఒక్కటే చూసి ‘రేపే చేసేద్దాం’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఆపరేషన్ తర్వాత...

మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కలతోనే కన్ను మొద్దుబారుతుంది. రెండు కళ్లకూ కలిపి అరగంట లోపే అయిపోతుంది. ఎగ్జైమర్ పనిచేసేటప్పుడు వెంట్రుకలు కాలినట్టు వాసన రావచ్చు, కంగారు పడొద్దు. కాసేపు కన్ను కదిలినా లేజర్‌కు ట్రాకర్ ఉంటుంది. అయినా చెప్పిన వెలుగు చుక్కనే చూస్తుండాలి.

అసలు జాగ్రత్త తర్వాతే. కళ్లు నులమకూడదు. కొద్ది రోజులు తలస్నానం, కంటికి మేకప్ వద్దు. కనీసం నెల రోజులు ఈత మానుకోవాలి. చెప్పిన చుక్కలు చెప్పినన్ని రోజులు వేయాలి. స్టెరాయిడ్ చుక్కలను సొంతంగా పొడిగించడం ప్రమాదం, కంటి ఒత్తిడి పెరుగుతుంది.

కార్నియా నరాలు కొన్ని తెగుతాయి కాబట్టి కళ్లు పొడిబారడం నెలల తరబడి ఉండొచ్చు. స్క్రీన్ ముందు కూర్చుంటే మనం రెప్ప వేయడం ఎలాగూ తగ్గిపోతుంది. రోజుకు పది గంటలు కోడింగ్ చేసేవాళ్లకు ఈ రెండూ తోడైతే మంట, మసక ఖాయం. అందుకే కొత్త ఉద్యోగంలో చేరే వారం ముందో, పోటీ పరీక్షకు పది రోజుల ముందో ఈ పని పెట్టుకోకండి. లాసిక్, స్మైల్‌కు కనీసం కొన్ని వారాలు, పీఆర్‌కేకు నెలకు పైగా ఖాళీ ఉంచుకోండి. మొదట్లో రాత్రిపూట బైకు నడపకపోవడం మంచిది.

ఇది చేయనివి కూడా తెలుసుకోండి. 40 దాటాక అందరికీ వచ్చే చత్వారాన్ని ఇది ఆపదు. దగ్గరి చూపుకు అప్పుడు అద్దాలు కావాల్సిందే. ఎక్కువ మైనస్ పవర్ ఉన్న పొడవాటి కంట్లో రెటీనా పలుచగా ఉంటుంది. కళ్లజోడు పోయినా ఆ ముప్పు పోదు, ఏటా పరీక్ష తప్పదు. కొందరికి ఏళ్లు గడిచాక కొద్దిగా పవర్ తిరిగి రావచ్చు.

డబ్బు సంగతి

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా 7.5 డయాప్టర్ల కంటే తక్కువ ఉన్న దృష్టి లోపం చికిత్సను మినహాయిస్తాయి. అంటే చాలామంది విద్యార్థులకు ఇది సొంత జేబు ఖర్చు, నిజం చెప్పాలంటే అమ్మానాన్నల జేబు ఖర్చు. ప్రకటనలోని ధర ఒక కంటికా, రెండు కళ్లకా? పరీక్షలు, మందులు, తర్వాతి చెకప్‌లు అందులో ఉన్నాయా? పవర్ మిగిలితే రెండోసారి చేయడానికి డబ్బులడుగుతారా? ఇవి ముందే కాగితం మీద రాయించుకోండి. ‘ఈ వారమే ఆఫర్’ అనే మాటకు తొందరపడొద్దు. అర్హత పరీక్షలు చేయించుకున్నంత మాత్రాన ఆపరేషన్ కూడా అక్కడే చేయించుకోవాలని లేదు. ఆ రిపోర్టుతో ఇంకో కంటి వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి పెద్ద సంస్థలు అందుబాటులో ఉన్నాయి.

సంతకం పెట్టే ముందు... ఏడు ప్రశ్నలు

1. నేను రాసే పరీక్ష తాజా నోటిఫికేషన్‌లో ఈ ఆపరేషన్ గురించి ఏముంది? వయసు, గడువు, మందం షరతులేంటి?

2. నా కార్నియా మందం ఇప్పుడెంత, ఆపరేషన్ తర్వాత మొత్తం ఎంత ఉంటుంది? ఫ్లాప్ కింద ఎంత మిగులుతుంది?

3. నా కంటి పొడవెంత? రెటీనా బాగుందా?

4. కెరటోకోనస్ అనుమానం ఏమైనా ఉందా?

5. నాకు ఈ పద్ధతే ఎందుకు? మిగతా మూడూ ఎందుకు కాదు?

6. చీకట్లో నా పాప సైజెంత, చెక్కే ప్రాంతం ఎంత?

7. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రిపోర్టులు, చేసిన తేదీ, పద్ధతి పేరుతో ధ్రువపత్రం ఇస్తారా?

ఏడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. వైద్య బోర్డు ముందు మీకు ఆధారం ఆ కాగితాలే. పైగా 60 ఏళ్ల వయసులో శుక్లాల ఆపరేషన్‌కు లెన్స్ పవర్ లెక్కగట్టే వైద్యులకు కూడా ఈ పాత కొలతలు అవసరమవుతాయి. వాటిని టెన్త్ మెమో ఉన్న ఫైల్లోనే భద్రంగా పెట్టండి.